నాడీమండలము ఎట్లు పనిచేయును? పురుగుమందు దానిని ఎట్లు దెబ్బతీయును?

ప్రత్తి చేనిలో మందు చల్లుచున్న మనిషి ఒకడు మధ్యాహ్నము వేళ తల తిరుగుచున్నదని గట్టు మీద కూలబడెను. ఒళ్లంతయు చెమట పట్టెను. నోటి వెంట చొంగ కారుచుండెను. రెండుసార్లు వాంతి చేసికొనెను. చుట్టుప్రక్కల వారు పరుగున వచ్చి "వడదెబ్బ తగిలినది" అని చెట్టు నీడకు చేర్చిరి, మజ్జిగ త్రాగించిరి, ఉల్లిపాయ నూరి అరికాళ్లకు రాసిరి. మందుతో తడిసిన చొక్కా మాత్రము అతని ఒంటి మీదనే ఉండెను. నేను ఆ చేనికి చేరునప్పటికి రెండు గంటల కాలము అట్లే గడచిపోయినది. ఆసుపత్రిలో డాక్టరుగారు ముందుగా అతని కనురెప్పలు ఎత్తి చూచిరి. కనుపాపలు ఆవగింజలంత చిన్నవై ఉన్నవి. "ఏ మందు చల్లుచుండెను?" అని వారు అడిగిరి. డబ్బా చేనిలోనే ఉండిపోయినది. ఎవరును దాని పేరు చెప్పలేకపోయిరి. అదృష్టవశమున ఆ మనిషి బ్రతికెను.

పురుగుమందు చర్మము మీద పడినచో కన్ను ఎందుకు మారవలెను? నోరు, కడుపు, గుండె, ఊపిరి అన్నియు ఒక్కసారిగా ఎందుకు చెడవలెను? వీని కన్నిటికిని జవాబు ఒక్కటే. ఈ అవయవములన్నియు నాడీమండలము అదుపులో ఉన్నవి. మనము చల్లు మందులలో అనేకము పురుగు నాడీమండలమును చంపుటకే తయారైనవి. పురుగు నాడికిని మన నాడికిని పని జరుగు పద్ధతి చాలవరకు ఒక్కటే. ఈ సంగతి తెలిసినవాడు మందును చూచు చూపే మారిపోవును. అందుచేత ముందుగా మన నాడీమండలమును గూర్చి కొంచెము తెలిసికొందము.

నాడీమండలములోని భాగములు

మెదడు, వెన్నుపాము, వీని నుండి ఒళ్లంతట వ్యాపించిన నాడులు, ఈ మూడును కలసి నాడీమండలము. పెరిగిన మనిషి మెదడు సుమారు 1,400 గ్రాములు తూగును. అందులో ఇంచుమించు 8,600 కోట్ల నాడీకణములు ఉన్నవి. వెన్నెముక పూసలలోని రంధ్రము గుండ క్రిందికి దిగు వెన్నుపాము చిటికెన వ్రేలంత లావున, సుమారు 45 సెంటీమీటర్ల పొడవున ఉండును. మెదడు నుండి 12 జతల నాడులు, వెన్నుపాము నుండి 31 జతల నాడులు బయలుదేరి కన్ను, చెవి, చర్మము, కండరములు, గుండె, ప్రేగులు మొదలగు అన్ని భాగములకు చేరును.

నాడీకణము మిగిలిన కణముల వలె గుండ్రముగా ఉండదు. దానికి కొమ్మల వంటి చిన్న పోగులును, వేరు వలె సాగిన ఒక పొడవైన తంతువును ఉండును. నడుము దగ్గర బయలుదేరి కాలి వ్రేళ్ల వరకు పోవు తంతువు ఒక మీటరు పొడవు ఉండగలదు. ఇట్టి తంతువులు వేలకొలది కట్టగట్టినట్లు చేరి ఒక నాడి యగును. కొన్ని నాడులు వార్తను మెదడుకు మోసికొని పోవును. కొన్ని మెదడు ఆజ్ఞను కండరములకు తెచ్చును. చాల నాడులలో ఈ రెండు విధముల తంతువులును కలసియే ఉండును.

ఏ భాగమునకు ఏ పని?

పెద్దమెదడు ఆలోచనకు, జ్ఞాపకమునకు, మాటకు, మనము కోరి చేయు పనులకు స్థానము. నాగలి మేడి పట్టుట, కొడవలి ఆడించుట, లెక్క వ్రాయుట ఇచ్చటి ఆజ్ఞల వలననే జరుగును. కుడి చేతిని ఎడమ వైపు మెదడును, ఎడమ చేతిని కుడి వైపు మెదడును నడిపించును. అందువలననే మెదడులో ఎడమ ప్రక్క రక్తనాళము చెడినవానికి కుడి కాలు, కుడి చేయి పడిపోవును.

చిన్నమెదడు తల వెనుక భాగమున ఉండును. ఒంటి తూకము, కదలికల పొందిక దీని పని. నెత్తిన నారు కట్టలు పెట్టుకొని జారుడు గట్టు మీద పడకుండ నడచుట చిన్నమెదడు చలవయే. కల్లు త్రాగినవాని అడుగులు తడబడుటకు ఈ భాగము మందగించుట ముఖ్య కారణము.

మెదడు అడుగున వెన్నుపాముతో కలియు చోట మజ్జాముఖము అను చిన్న భాగము కలదు. ఊపిరిని, గుండె కొట్టుకొనుటను కనిపెట్టి ఉండునది ఇదియే. మనము నిద్రించినను ఇది నిద్రింపదు. దీని పని కొన్ని నిమిషములు ఆగినచో ప్రాణము నిలువదు.

వెన్నుపాము వార్తలు మోయుటయే గాక, కొన్ని సమయములలో తానే తీర్పు చెప్పును. చెప్పులు లేని కాలికి తుమ్మముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు కాలు తటాలున పైకి లేచును. "ముల్లు గ్రుచ్చుకొన్నది" అని మనకు తెలియుట ఆ తరువాతనే. వార్త మెదడు దాక పోయి వచ్చువరకు ఆగక వెన్నుపామే కాలిని లాగుకొమ్మని చెప్పినదన్నమాట. ఎదురుదెబ్బ తగిలినప్పుడు ముందు చురుక్కుమని ఒక నొప్పియు, క్షణము పిమ్మట సలుపుచు మరియొక నొప్పియు వచ్చుట మీ రెరుగుదురు. వేగము గల తంతువు మొదటి వార్తను తెచ్చినది. నిదానపు తంతువు రెండవ దానిని తెచ్చినది. అన్నిటికంటె వేగము గల తంతువులలో వార్త సెకనుకు 120 మీటర్ల వరకు పరుగెత్తును. నిదానపు తంతువులలో సుమారు ఒక మీటరే పోవును.

మన ఆజ్ఞ లేకయే జరుగు పనులు

గుండెను "కొట్టుకొమ్ము" అని మనము ఆజ్ఞాపించుట లేదు. అన్నము అరగుమని కడుపునకు చెప్పుట లేదు. ఇట్టి పనులను నడుపుటకు వేరుగా నాడులు కలవు. దీనిని స్వయంచోదిత నాడీవ్యవస్థ అందురు. ఇందులో రెండు శాఖలు ఉన్నవి. చేనిలో పాము ఎదురైనప్పుడు గుండె దడదడలాడును, కనుపాప పెద్దదగును, నోరు ఎండును, కడుపులో పని ఆగును. ఇది మొదటి శాఖ చేయు పని. మనిషిని పరుగుకో పోరుకో సిద్ధము చేయుట దీని ఉద్దేశము. భోజనము చేసి నీడలో కూర్చున్నప్పుడు రెండవ శాఖది పైచేయి. గుండె నెమ్మదించును, నోట ఉమ్మి ఊరును, ప్రేగులు కదలును, కనుపాప చిన్నదగును. కాడికి కట్టిన రెండెద్దుల వలె ఈ రెండును సమముగా లాగినంత కాలము బండి సాగును.

వార్త సందు దాటు విధము

అసలు కీలకము ఇక్కడ ఉన్నది. ఒక నాడీకణము రెండవ దానిని గాని, కండరమును గాని ముట్టుకొని ఉండదు. రెంటికిని నడుమ వెంట్రుక మందములో వేయవ వంతు పాటి సన్నని సందు ఉండును. తంతువు వెంట వార్త విద్యుత్తుగా పరుగెత్తి వచ్చును. మరి సందును ఎట్లు దాటును?

1921లో ఆటో లోవీ అను శాస్త్రజ్ఞుడు దీనిని కప్ప గుండెలతో రుజువు చేసెను. రెండు కప్పల గుండెలను వేరు చేసి ఉప్పునీటిలో కొట్టుకొనునట్లు ఉంచి, మొదటి గుండె నాడిని ప్రేరేపింపగా అది నెమ్మదించెను. దాని చుట్టునున్న ద్రవమును తీసి రెండవ గుండెపై పోయగా అదియు నెమ్మదించెను. రెండవ దాని నాడిని ఎవరును తాకలేదు. కనుక నాడి కొసనుండి ఏదో రసాయనము వెలువడినదని తేలెను. దాని పేరు ఎసిటైల్ కోలిన్. ఈ పరిశోధనకు లోవీకిని, ఇంగ్లండుకు చెందిన హెన్రీ డేల్‌కును 1936లో నోబెల్ బహుమతి లభించెను.

మనము చేనికి నీరు పెట్టు పద్ధతి చూడుడు. కాలువలో నీరు వచ్చును, మడవ తెరతుము, మడి తడియును. తడిసిన వెంటనే మడవ కట్టవలెను. కట్టనిచో మడి నిండి, గట్టు తెగి, పైరు కుళ్లును. నాడి దగ్గరను ఇదియే జరుగును. ఎసిటైల్ కోలిన్ మడవ తెరచునది. దానిని వెంటనే విరగగొట్టి మడవ కట్టుటకు కోలినెస్టరేజ్ అను ఎంజైము సందులోనే కాచుకొని ఉండును. సెకనులో వేయవ వంతు పాటి కాలములో అది తన పని ముగించును. మనము చేయి ముడిచి మరల చాచగలుగుట, గుండె ఒక దెబ్బకు మరియొక దెబ్బకు నడుమ విశ్రమించుట ఈ మడవ కట్టువాని వలననే.

పురుగుమందు ఏమి చేయును?

ఆర్గానోఫాస్ఫరస్ జాతి మందులు ఈ మడవ కట్టువానిని పట్టి బంధించును. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, క్వినాల్‌ఫాస్, మోనోక్రోటోఫాస్, పారాథియాన్ ఈ జాతివే. కార్బమేట్ జాతి మందులును అదే ఎంజైమును పట్టుకొనును గాని, కొన్ని గంటలలో వదలిపెట్టును. పైరెత్రాయిడ్ మందులు, ఇమిడాక్లోప్రిడ్ వంటివి ఎంజైము జోలికి పోక, నాడినే వేరు చోట్ల దెబ్బతీయును.

జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు పురుగులను చంపు మందు కొరకు వెదకుచు 1936లో ఈ జాతి పదార్థమొకటి తయారు చేసెను. అది మనుష్యులకే ప్రాణాంతకమని వెంటనే బయటపడెను. దానిని సైన్యము వారు టాబున్ అను పేర యుద్ధపు విషముగా తీసికొనిరి. పారాథియాన్ కూడ 1944లో ఆయన చేతి మీదుగనే వచ్చెను. యుద్ధపు విషమునకును చేని మందునకును గల చుట్టరికము ఇంత దగ్గరిది.

ఎంజైము బంధింపబడగానే తెరచిన మడవ తెరచినట్లే ఉండును. ఏ నాడి దగ్గర ఏమి జరుగునో చూడుడు. కంటి దగ్గర కనుపాప ముడుచుకొని చూపు మసకబారును, కన్నీరు కారును. నోట చొంగ, ఒంట చెమట కారును. కడుపులో నులిమి, వాంతియు విరేచనమును అగును. తెలియకయే మూత్రము పోవును. ఊపిరితిత్తులలో కఫము నిండి పిల్లికూతలు వినిపించును. గుండె నెమ్మదించును. కండరములు చర్మము క్రింద పురుగులు ప్రాకినట్లు అదరి, పిదప చచ్చుబడును. మెదడులో కలత పుట్టి మాట తడబడును, మూర్ఛ వచ్చును. తుదకు మజ్జాముఖము ఆజ్ఞయు, ఎదురొమ్ము కండరముల బలమును రెండును తప్పి ఊపిరి ఆగును. ఈ విషమున చనిపోవువారు ముఖ్యముగా ఊపిరి ఆడకయే చనిపోవుదురు.

"నేను ఏండ్ల తరబడి చల్లుచున్నాను, ఏమియు కాలేదు" అనువారు కలరు. రక్తకణములలో బంధింపబడిన ఎంజైము రోజుకు సుమారు ఒక వంతు చొప్పున, అనగా నూటికి ఒకటిగా, తిరిగి ఏర్పడును. ఈ రోజు కొంత పోయి, పూర్తిగా తేరుకొనకమునుపే రేపు మరికొంత పోయినచో, నిల్వ తరిగి తరిగి ఒకనాడు మామూలు మోతాదే మనిషిని పడవేయును. తలనొప్పి, నీరసము, చూపు మసక, ఆకలి లేకుండుట దీనికి ముందు హెచ్చరికలు కావచ్చును.

వడదెబ్బయా, విషమా?

వడదెబ్బలో ఒళ్లు నిప్పువలె కాలుచు జ్వరము 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటును. మందు తగిలినవానికి సాధారణముగా చొంగ, కన్నీరు, కఫము, చిన్నబడిన కనుపాప కనబడును. అయినను ప్రారంభములో కనుపాప మారకపోవచ్చును. కనుక మందు చల్లిన చేనిలో పడిపోయిన ప్రతి మనిషికిని మందు తగిలినట్లే యెంచి నడుచుకొనవలెను. కాదని చెప్పవలసినది డాక్టరు మాత్రమే.

వెంటనే చేయవలసినవి

1. చేతులకు ప్లాస్టిక్ సంచులైనను తొడుగుకొని మనిషిని చేనిలోనుండి గాలి తగులు చోటికి చేర్చుడు. 108కు ఫోను చేయుడు.

2. తడిసిన బట్టలన్నియు తీసివేసి, తల, గోళ్లు, గజ్జలు మరువక సబ్బుతో, పుష్కలమైన నీటితో కడుగుడు. కంట పడినచో 15 నిమిషములకు తగ్గకుండ మంచి నీటితో కడుగుడు. ఇందుకై ఆసుపత్రి ప్రయాణమును మాత్రము ఆపరాదు.

3. ఎడమ ప్రక్కకు తిప్పి పండుకొనబెట్టుడు. చొంగ, వాంతి బయటికి పోవును గాని గొంతులోనికి జారదు.

4. మందు మింగినను బలవంతముగా వాంతి చేయించరాదు. మజ్జిగ, పాలు, నెయ్యి, చింతపండు రసము ఏదియు పోయరాదు. గొంతు కండరములు పట్టు తప్పినవానికి అది ఊపిరితిత్తులలో చేరును.

5. మందు డబ్బాను గాని, లేబులును గాని తప్పక వెంట తీసికొని పొండు. విరుగుడు వివరము దాని మీదనో, దానితో ఇచ్చు కాగితము మీదనో ఉండును.

ఆసుపత్రిలో అట్రోపిన్ ఇత్తురు. తెరచిన మడవకు అడ్డముగా పలుగురాయి పెట్టినట్లు అది ఎసిటైల్ కోలిన్ పనిని ఆపును. ప్రాలిడాక్సిమ్ అను మందు బంధింపబడిన ఎంజైమును విడిపించుటకు ఉద్దేశింపబడినది. అది ఆలస్యముగా ఇచ్చినచో పనిచేయదు, ఏలయనగా కాలము గడచిన కొలది బంధము వీడరానిదగును. ఉమ్మెత్తలోను అట్రోపిన్ జాతి పదార్థములు ఉన్నవి గదా అని గింజలు నూరి పోయు సాహసము ఎవరును చేయరాదు. అది మరియొక విషము.

ఇంకొక హెచ్చరిక. రోగి కోలుకొన్నట్లు కనిపించిన పిమ్మట 1 నుండి 4 రోజుల లోపల మెడ నిలుపలేక, చేతులు ఎత్తలేక, ఊపిరి అందక పోవుట కలదు. ఈ దశను శ్రీలంక వైద్యులు 1987లో వివరించిరి. కనుక డాక్టరు పంపువరకు "తగ్గినది" అని ఇంటికి తీసికొని రారాదు.

ముందు జాగ్రత్త

ఈ మందు నోట పడనక్కరలేదు. చర్మము గుండ లోనికి పోవును. గజ్జలు, నుదురు, తల వంటి మెత్తని చోట్ల మరింత త్వరగా ఇంకును. చెమట పట్టిన ఒంటికి ప్రమాదము హెచ్చు. వీపున మోయు స్ప్రేయరు కారినచో మందు నడుము నుండి గజ్జలకు దిగును. కనుక కారు స్ప్రేయరును బాగుచేయించిన పిమ్మటనే చేనికి తీసికొని పొండు. పూర్తి చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు, ముఖమునకు ముసుగు ధరింపుడు. కర్రతో కలుపుడు, చేతితో కలుపరాదు. మూసికొనిన నాజిల్‌ను నోటితో ఊదరాదు. గాలికి ఎదురుగా చల్లరాదు. నడుమ బీడీ కాల్చరాదు. ఒకే మనిషి చేత వరుసగా రోజుల తరబడి చల్లించరాదు. చల్లిన బట్టలను వేరుగా ఉతుకుడు. ఉతుకు ఇల్లాలికిని ఆ మందు తగులునని గుర్తుంచుకొనుడు.

డబ్బా మీద వజ్రాకారపు గుర్తులో క్రింది సగము రంగు చూడుడు. ఎరుపు అత్యంత విషము, తరువాత వరుసగా పసుపు, నీలము, ఆకుపచ్చ. ఆకుపచ్చయైనను విషమే గాని నీరు కాదు.

ఖాళీ డబ్బాలు, కలిసిపోయిన సరుకులు ఎంత పని చేయగలవో రెండు ఉదాహరణములు చెప్పెదను. 1958లో కేరళలో, పారాథియాన్‌తో పాటు ఓడలో వచ్చి కలుషితమైన గోధుమపిండి తిని 100 మందికి పైగా మరణించిరి. 2013 జులైలో బీహారులోని సారణ్ జిల్లాలో ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనము చేసిన 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలసినదని పరీక్షలో తేలెను. కడిగితిమి గదా అని మందు డబ్బాలో నూనె గాని, నీరు గాని పోయువారు దీనిని మరువరాదు.

కేంద్ర ప్రభుత్వము 2018లో 18 మందులపై నిషేధపుటుత్తర్వులు ఇచ్చెను. అందులోని ఫోరేట్, ట్రైజోఫాస్, డైక్లోర్‌వాస్, ఫాస్ఫామిడాన్‌ల వాడకము 2020 డిసెంబరు 31తో ముగిసెను. మోనోక్రోటోఫాస్ 36 శాతపు ద్రవమును 2023లో నిషేధించిరి. పాత నిల్వలు అటకల మీద ఉన్నచో వానిని వాడరాదు, ఇతరులకు ఇయ్యరాదు. వ్యవసాయాధికారికి తెలుపుడు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. ఏ ఆసుపత్రిలో అట్రోపిన్, ఊపిరి యంత్రము ఉన్నవో ముందుగనే తెలిసికొని పంచాయతీ కార్యాలయపు గోడ మీద వ్రాయించుడు. ఖాళీ డబ్బాలను మూడుసార్లు కడిగించి, కన్నము పొడిపించి, మరల వాడకుండ చూడుడు. కడిగిన నీటిని చెరువులోను, కాలువలోను పోయనీయకుడు. మందును ఇంటిలో పిల్లలకు అందు చోట గాక, తాళము వేసిన పెట్టెలో ఉంచుమని ప్రతి ఇంట చెప్పుడు. ఒక్క క్షణపు మనోవేదనలో చేతికి అందిన డబ్బా ఎన్ని కొంపలు ముంచినదో మీ రెరుగుదురు. తాళము తీయు ఆలస్యమే ఒక ప్రాణమును నిలుపవచ్చును.

రైతు సోదరులారా! అవసరము తెలిసికొని, పురుగు నష్టపరచు స్థాయికి చేరినప్పుడే, చెప్పిన మోతాదులోనే మందు వాడుడు. ఒక పంట పోయినచో వచ్చు ఏడు మరల వేసికొనవచ్చును. ఊపిరి నడుపు నాడి పని నిలచిపోయినచో ఆ మనిషి మరల రాడు. రేపు చేనికి పోవునప్పుడు డబ్బాతో పాటు ఒక సబ్బు బిళ్లను, ఒక కడవ నీటిని కూడ తీసికొని పొండు.